మీ ఫోనులో వంటిల్లేది? అటకేది?

మొన్నామధ్య ఓ ఉదయం హిమాయత్‌నగర్‌లో మా వీధి మలుపు దగ్గర ఆకుకూరల బండి ఆగింది. నాలుగు కట్టలు తోటకూర, రెండు కట్టలు పాలకూర, ఓ కట్ట కొత్తిమీర తీసుకున్నాను. పర్సు ఇంట్లోనే ఉండిపోయింది. ఈ రోజుల్లో పర్సెందుకు, చేతిలో ఫోనుంటే చాలు కదా! డబ్బు కట్టే యాప్ నొక్కితే 'కొత్త వెర్షన్ వేసుకోండి' అంది. సరే అని అది నొక్కాను. 'స్థలం చాలదు' అంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే మాట! నా వెనక ఇద్దరు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు. బండాయన మంచివాడు. "రేపియ్యమ్మా, ఏడికి పోతవ్" అన్నాడు. మాట బాగానే ఉంది గానీ, ఆకుకూరలకి అప్పుపెట్టి ఇంటికి నడుస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

పక్కింటావిడతో ఈ సంగతి చెప్పాను. "దానికేముంది వదినగారూ! అబిడ్స్ వెళ్ళి ఓ మెమరీ కార్డు కొని, యాప్‌లన్నీ అందులోకి తోసెయ్యండి. ఫోను ఖాళీ అయిపోతుంది" అంది.

ఈ సలహా మీరూ వినే ఉంటారు. మీ పిల్లలో, మరుదులో, ఫోను షాపు కుర్రాడో చెప్పే ఉంటారు. ఇదే సలహా విని కొన్నేళ్ళ క్రితం నేను గట్టి దెబ్బ తిన్నాను. ఆ కథ ముందుముందు చెబుతాను. నేనేమీ ఇంజినీరును కాను. దెబ్బ తిన్నాక నలుగుర్నీ అడిగి తెలుసుకున్నదాన్ని. ఏది ఫోనులో ఉండాలి, ఏది కార్డులో ఉండాలి అన్నది మన ఇంటి భాషలోనే చెప్పుకుందాం, రండి.

వంటిల్లూ, అటకా

మన ఫోనులో సామాను పెట్టుకోవడానికి రెండు చోట్లుంటాయి. ఒకటి ఫోనుతోపాటే పుట్టింది. ఇంటర్నల్ స్టోరేజ్ అంటారు. ఇది ఫోను బోర్డు మీదే అతికి ఉంటుంది. తీసి ఇంకోటి పెట్టుకోవడం మనవల్ల కాదు. 64 జీబీ ఫోను, 128 జీబీ ఫోను అని షాపువాళ్ళు చెప్పేది దీని గురించే.

రెండోది మనం విడిగా కొనుక్కుని సిమ్ పక్కన దూర్చే మెమరీ కార్డు. పొడవు 15 మిల్లీమీటర్లు, వెడల్పు 11, మందం ఒక మిల్లీమీటరు. బొటనవేలి గోరంత ఉంటుంది. కావాలంటే తీయొచ్చు, ఇంకో ఫోనులో పెట్టొచ్చు, పారేసుకోవచ్చు కూడా!

మొదటిది వంటిల్లు అనుకోండి. రెండోది అటక. వంటిల్లు చిన్నదైనా అన్నీ చేతికందేట్టుంటాయి. అటక మీద బోలెడు చోటుంటుంది. కానీ ఏది కావాలన్నా నిచ్చెన వేసుకోవాలి.

ఇక్కడ ఒక తికమక తీర్చేస్తాను. షాపులో '4 జీబీ, 64 జీబీ' అని రెండు అంకెలు చెబుతారు చూశారూ, ఆ చిన్న అంకె ర్యామ్. అది సామాను పెట్టుకునే చోటు కాదు. కూరలు తరుక్కునే గట్టు లాంటిది. ఒకేసారి ఎన్ని పనులు పెట్టుకోగలం అన్నది దాన్నిబట్టి ఉంటుంది. మెమరీ కార్డు ఎంత పెద్దది కొన్నా ఈ గట్టు పెరగదు. 'కార్డు వేశాను, అయినా ఫోను నత్తలాగే నడుస్తోంది' అని చాలామంది అనడానికి ఇదో కారణం.

ఇంకో అనుమానం. 64 జీబీ కార్డు కొంటే కొన్ని ఫోన్లలో 59 చిల్లర చూపిస్తుంది. షాపువాడు మోసం చేశాడనుకోకండి. కంపెనీలు వెయ్యి చొప్పున లెక్కకడితే, ఆ ఫోన్లు 1024 చొప్పున లెక్కకడతాయి. తేడా అక్కడే వస్తుంది. ఫోను లోపలి 64 జీబీలో మాత్రం ఈ తేడాతోపాటు, ఫోనుని నడిపించే ప్రోగ్రాము కూడా తన వాటా తను తీసుకుంటుంది. మనకి మిగిలేది దాని తర్వాతే.

అటక మీద పొయ్యి పెడతామా?

ఆండ్రాయిడ్ ఫోను మొదటిసారి 2008లో వచ్చినప్పుడు దాని లోపలి స్టోరేజ్ 256 ఎంబీ. అంటే ఒక జీబీలో పావు వంతు! ఇప్పుడు మన బంధువులు పంపే పెళ్ళి వీడియోలు నాలుగు కూడా అందులో పట్టవు. అందుకే 2010లో ఆండ్రాయిడ్ 2.2 వచ్చినప్పుడు యాప్‌లను కార్డులో పెట్టుకునే వీలిచ్చారు. 2015లో ఆండ్రాయిడ్ 6 వచ్చినప్పుడు ఇంకో అడుగు ముందుకేసి, కార్డు మొత్తాన్నీ ఫోనులో కలిపేసుకునే సదుపాయం పెట్టారు. 'యాప్‌లు కార్డులోకి తోసెయ్యండి' అనే సలహా పుట్టింది ఆ రోజుల్లోనే. సలహా అలాగే ఉండిపోయింది గానీ, ఫోన్లు మారిపోయాయి.

ఇప్పుడు మీ ఫోనులో సెట్టింగ్స్‌కి వెళ్ళి, యాప్స్ అన్నచోట ఏదైనా ఒక యాప్ నొక్కి, అందులో స్టోరేజ్ అన్నది తెరవండి. అక్కడ 'మార్చు' అనే బటనుంటే ఆ యాప్ కార్డులోకి వెళ్తుంది. లేకపోతే వెళ్ళదు, అంతే. చాలా యాప్‌లకి ఆ బటనే ఉండదు. ఎందుకంటే వెళ్ళాలా వద్దా అన్నది నిర్ణయించేది యాప్ తయారుచేసినవాళ్ళు. వాళ్ళు ప్రత్యేకంగా సరేనంటే తప్ప యాప్ వంటిల్లు దాటదు. వాట్సాప్ దాటదు. బ్యాంకు యాప్‌లు, డబ్బు కట్టే యాప్‌లు మామూలుగా దాటవు. మన ఫోను నింపేవే అవి, అవే కదలకపోతే కార్డు కొని ఏం లాభం?

పోనీ బటనుంది, నొక్కాం అనుకోండి. అప్పుడైనా సామానంతా పైకి వెళ్ళదు. యాప్ తాలూకు పెట్టె మాత్రం అటకెక్కుతుంది. అందులో మనం దాచుకున్న వివరాలు, అది నడవడానికి కావలసిన సరంజామా కిందే ఉంటాయి. ఇడ్లీ పాత్ర అటక మీద, ఇడ్లీ రేకులు వంటింట్లో! ఎంతో ఖాళీ అవుతుందనుకుంటే కాసింతే ఖాళీ అవుతుంది.

ఇక వేగం సంగతి. ఫోనుల్లో వాడే మామూలు కార్డు కాగితం మీద లెక్క ప్రకారం సెకనుకు 104 ఎంబీ మించి అందించలేదు. కొంచెం చవక ఫోన్లలో ఉండే ఈఎంఎంసీ రకం లోపలి స్టోరేజ్‌కి అదే లెక్క 400 దాకా ఉంటుంది. యూఎఫ్ఎస్ అనే మెరుగైన రకానికి వెయ్యి దాటుతుంది. నిజంగా వాడేటప్పుడు అన్నీ అంతకన్నా తక్కువే ఇస్తాయి, కానీ తేడా తేడాయే. పైగా యాప్ నడవడమంటే ఒక్క పెద్ద బస్తా మోయడం కాదు. చిటికెడు పసుపు, చారెడు ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు అన్నట్టు చిన్నచిన్నవి వందలకొద్దీ క్షణక్షణానికీ తీసి పెడుతుండాలి. కార్డుకి అసలు చేతకానిదే ఈ పని! పోపు డబ్బా అటక మీద పెట్టుకుని వంట చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇంకొకటుంది. ఈ కార్డు మీద ఇన్నిసార్లు రాసి చెరపొచ్చు అని ఒక ఆయుష్షుంటుంది. ఫోటోలు దాచుకుంటే ఒకసారి రాస్తాం, పదిసార్లు చూస్తాం. చూడ్డంవల్ల కార్డు అరగదు. యాప్‌లు మాత్రం రోజంతా ఏదో ఒకటి రాస్తూనే ఉంటాయి. చవక కార్డు అంత చాకిరీకి తట్టుకోదు.

కార్డు ఊడితే? కార్డులోని యాప్ ఆ క్షణమే ఆగిపోతుంది. అందుకే అలారం మోగించేవి, తెర మీద ఎప్పుడూ కనబడుతుండే గడియారం లాంటివి, కీబోర్డు, మన ఖాతాలు చూసుకునేవి కార్డులో పెట్టనివ్వద్దని యాప్‌లు తయారుచేసేవాళ్ళకి గూగుల్ వాళ్ళే చెబుతారు. మామగారికి పొద్దున్నే బీపీ మాత్ర గుర్తుచేసే అలారం కార్డులో ఉంటే, అది మోగని రోజు ఎవర్ని నిందిస్తాం?

అమ్మ గొంతు

ఇక నా కథ. 2018లో నా ఫోను లోపలి స్టోరేజ్ 16 జీబీ. ఏడాది తిరక్కుండానే నిండిపోయింది. ఎవరో చెబితే 64 జీబీ కార్డు కొన్నాను. దూర్చగానే ఫోను అడిగింది: 'దీన్ని బయటి కార్డుగా వాడతారా, ఇంటర్నల్ స్టోరేజ్‌గా వాడతారా?' 16కి 64 కలిస్తే 80! ఆశపడ్డాను. ఇంటర్నల్ అన్నది నొక్కాను. 'మీ ఫోటోలు, రికార్డింగులు కార్డుకి తరలించమంటారా?' అంది. తరలించమన్నాను. ఫోను ఖాళీ అయింది. నా అంత తెలివైనది లేదనుకున్నాను.

2019 వేసవిలో అమ్మ మా ఇంటికొచ్చి నెల్లాళ్ళుంది. ఆవకాయ, మాగాయ, మెంతికాయ, చింతకాయ... అమ్మ చేతికి కొలతలుండేవి గానీ కాగితం మీద ఎప్పుడూ లేవు. ఎన్నిసార్లడిగినా 'చూసి వెయ్యాలే' అనేది. ఆ ఏడు మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని ఫోనులో రికార్డు చేశాను. ముక్కలు తుడుస్తూ, మధ్యమధ్యలో 'ఆ పిల్లిని తోలు' అంటూ, నాన్నగారి మీద రెండు విసుర్లు విసురుతూ, తాపీగా చెప్పింది. పదకొండు రికార్డింగులు. 2020లో అమ్మ పోయింది.

2021లో ఓ రోజు బట్టలు తడుపుతుంటే ఫోను జారి బకెట్లో పడింది. మళ్ళీ వెలగలేదు. పెద్దగా బాధపడలేదు. 'అన్నీ కార్డులో ఉన్నాయిగా, కొత్త ఫోనులో పెడితే సరి' అనుకున్నాను. కొత్త ఫోనులో పెట్టాను. 'ఈ కార్డు చదవలేను, ఫార్మాట్ చెయ్యమంటారా?' అంది.

ఫార్మాట్ అంటే తుడిచెయ్యడమని తెలుసు కాబట్టి, బతికిపోయి, నొక్కలేదు. కార్డు పట్టుకుని అబిడ్స్‌లో జగదీష్ మార్కెట్‌కి వెళ్ళాను. అక్కడినుంచి కోఠీ వెళ్ళాను. షాపు తర్వాత షాపు తిరిగాను. ఆఖరికి ఓ పెద్దాయన కార్డుని కంప్యూటర్లో పెట్టి చూసి, అర్థమయ్యేలా చెప్పాడు: "అమ్మా, ఈ కార్డుకి తాళం వేసుంది. తాళంచెవి మీ పాత ఫోనుల ఉన్నది. ఆ ఫోనే సచ్చిపాయె. ఇంక తాళంచెవి ఏడికెళ్ళి తేవాలె?"

అదీ సంగతి. కార్డుని ఇంటర్నల్‌గా వాడమంటే, ఫోను దాన్ని మొత్తం తుడిచి, తనకి మాత్రమే తెలిసిన రహస్య భాషలో రాసుకుంటుంది. ఆ భాష తెలిసిన కీలకం ఆ ఫోను లోపలే ఉంటుంది. ఆ ఒక్క ఫోనులో తప్ప ఆ కార్డు ఎక్కడా తెరుచుకోదు. ఫోను పోయినా, బోర్డు కాలినా, కొత్తగా కొన్నట్టు చేద్దామని రీసెట్ చేసినా అంతే. దొంగ చేతిలో పడితే ఇది మేలే. మనకే కావలసి వచ్చినప్పుడు మాత్రం మనమూ దొంగతో సమానమే! పాత బోర్డుని బతికించగలిగితే దారి ఉండేది. నాది బతకలేదు.

పదకొండింటిలో రెండే మిగిలాయి. అవి ఎప్పుడో మా వదినకి వాట్సాప్‌లో పంపినవి. ఆవకాయ ఒకటి, చింతకాయ ఒకటి. మాగాయ పోయింది. ముక్క ఎన్ని ఎండలు ఎండాలో, ఊట ఏ పాళంలో ఉన్నప్పుడు తీయాలో అమ్మ చెప్పింది విన్నట్టే ఉంటుంది, గుర్తు రాదు. ఏటా వేసవిలో మాగాయ పెట్టేటప్పుడు నాకు ఆ అనుమానం తప్పదు.

కాబట్టి అక్కచెల్లెళ్ళారా, ఫోను ఆ ప్రశ్న అడిగితే 'బయటి కార్డు' అన్నదే నొక్కండి. పోర్టబుల్ అని కూడా రాసి ఉంటుంది. చాలా ఫోన్లలో ఇప్పుడు ఆ ప్రశ్నే రాదు, కంపెనీలు ఆ సదుపాయం పెట్టడం మానేశాయి. కొన్ని ఫోన్లలో అసలు కార్డు దూర్చే చోటే ఉండదు. ఐఫోనుకి ఎప్పుడూ లేదు. శామ్‌సంగ్ వాళ్ళు 2021లో ఎస్21 ఫోనునుంచి తమ ఖరీదైన ఎస్ రకాల్లో తీసేశారు. కొత్త ఫోను కొనేటప్పుడు ఈ సంగతి ముందే అడగండి. కొన్నిటిలో కార్డూ రెండో సిమ్మూ ఒకే చోట పంచుకోవాలి. కార్డు పెడితే రెండో నంబరు పోతుంది.

అసలు చెత్త ఎక్కడుంది?

ఇంతకీ ఫోనుని నింపుతున్నది యాప్‌లేనా? ఒక్కసారి సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిచి చూడండి. దేనికెంత పోయిందో పట్టీ వేసి చూపిస్తుంది. మన ఇళ్ళల్లో ఫోటోలు, వీడియోలదే పెద్దపీట. అందులోనూ మనం తీసినవి కాదు, మనకి వచ్చినవి!

2018 జనవరిలో అమెరికాలోని వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక మన గురించే ఓ పెద్ద కథనం వేసింది. భారతదేశంలో ఫోన్లు ఎందుకు బిగుసుకుపోతున్నాయా అని గూగుల్ పరిశోధకులు చూస్తే, ఒక కారణంగా తేలింది ఏమిటో తెలుసా? మన గుడ్ మార్నింగ్ బొమ్మలు! గులాబీలు, ఉదయిస్తున్న సూర్యుడు, చంటిపిల్లల బోసినవ్వులు. అంతకుముందు నెలే, అంటే 2017 డిసెంబరులో, ఇలాంటి చెత్త ఏరిపారేయడానికి గూగుల్ ఫైల్స్ గో అనే యాప్ తెచ్చింది. ఇప్పుడు దాని పేరు ఫైల్స్. చాలా ఫోన్లలో కొన్నప్పుడే ఉంటుంది. రోజూ పొద్దున్నే మనం ప్రేమగా పంపుకునే గులాబీలు అంత దూరం వెళ్ళాయన్నమాట!

వాట్సాప్‌ని ఊడ్చుకోవడం ఇలా. సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా', అందులో 'మేనేజ్ స్టోరేజ్' తెరవండి. ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవి ఒక చోట, 5 ఎంబీ కన్నా పెద్దవి ఒక చోట కుప్పపోసి చూపిస్తుంది. మొదట ఫార్వర్డ్ కుప్ప చూడండి. కళ్ళు మూసుకుని కాదు, ఓసారి పైపైన చూసుకుని తీసెయ్యండి. ఆ పైన, వచ్చిన ప్రతి వీడియో దానంతటదే దిగకుండా 'ఆటో డౌన్‌లోడ్' ఆపేయండి. కావలసింది మీరే నొక్కి చూసుకుంటారు. చెత్త బుట్ట రోజూ పారబోయడం కన్నా, చెత్త లోపలికి రాకుండా చూసుకోవడం సుళువు కదండీ!

ఇక్కడ ఒక హెచ్చరిక. ప్రతి యాప్‌కీ స్టోరేజ్ పేజీలో రెండు బటన్లుంటాయి. 'క్లియర్ క్యాష్' అన్నది గట్టు తుడవడం. నిర్భయంగా నొక్కొచ్చు. 'క్లియర్ డేటా' లేదా 'క్లియర్ స్టోరేజ్' అన్నది డబ్బాలన్నీ బోర్లించడం. వాట్సాప్‌కి అది నొక్కితే, బ్యాకప్ లేకపోతే కబుర్లన్నీ పోతాయి. డబ్బు యాప్‌కి నొక్కితే మళ్ళీ మొదటినుంచి నమోదు చేసుకోవాలి. పక్కపక్కనే ఉంటాయి, కళ్ళజోడు పెట్టుకుని నొక్కండి.

ఎప్పుడో ఒకసారి వాడే యాప్‌లుంటాయి. ఏడాదికోసారి రైలు టిక్కెట్టు, పిల్లల పాత స్కూలు యాప్, ఎప్పుడో ఒకసారి ఏదో కొన్న షాపు యాప్. వీటిని కార్డుకి తోసే బదులు మడిచి పెట్టెలో పెట్టే పద్ధతి 2023లో ప్లే స్టోర్‌లో వచ్చింది. ఆర్కైవ్ అంటారు. యాప్ గుర్తు అలాగే ఉంటుంది, అందులో మన వివరాలూ పోవు, కానీ అది ఆక్రమించిన చోటులో దగ్గరదగ్గర 60 శాతం ఖాళీ అవుతుందని గూగుల్ చెప్పింది. కావలసినప్పుడు నొక్కితే మళ్ళీ దిగుతుంది. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో 'జనరల్' కింద ఉంటుంది. ఆకుకూరల బండి సంగతి తర్వాత నేను చేసింది ఇదే. ఫార్వర్డ్ కుప్ప తీసేసి, వాడని యాప్‌లు మడిచేశాక, డబ్బు యాప్ కొత్త వెర్షన్ ఒక్క నిమిషంలో దిగింది. కార్డు కొనకుండానే!

కార్డు కొనేటప్పుడు

అలాగని కార్డు దండగ అనడం లేదు. ఫోటోలకి, పాటలకి, పిల్లల వీడియోలకి అటక కావాల్సిందే. నాంపల్లిలో జనవరిలో నుమాయిష్ మొదలైతే మా ఇంట్లో ఒక్క సాయంత్రానికే రెండువందల ఫోటోలు దిగుతాయి. మీ ఇంట్లోనూ అంతేగా!

కొనేముందు మీ ఫోను ఎంత పెద్ద కార్డు తీసుకుంటుందో చూసుకోండి. పాత ఫోన్లు కొన్ని 32 జీబీ దాటితే ఒప్పుకోవు. కార్డు మీద చిన్నచిన్న గుర్తులుంటాయి, అలంకారానికి కాదు. ఇంగ్లీషు 'సి' అక్షరం లోపల 10 అని ఉంటే సెకనుకు కనీసం 10 ఎంబీ రాస్తుందని అర్థం. 'యు' లోపల 3 ఉంటే 30 ఎంబీ. ఫోటోలకి మొదటిది చాలు, పెద్ద వీడియోలు తీసేవాళ్ళకి రెండోది మేలు. 'ఏ1', 'ఏ2' అన్న గుర్తులుంటే యాప్‌లకి కూడా కాస్త పనికొచ్చేట్టు చేశారని అర్థం. చిన్నచిన్న సామాన్లు సెకనుకు ఎన్నిసార్లు తీసి ఇవ్వగలదో దాని లెక్క: ఏ1 అయితే కనీసం 1500 సార్లు, ఏ2 అయితే 4000 సార్లు.

దొంగ కార్డుల బెడద ఉంది. పైన 256 అని అచ్చేసి ఉంటుంది, లోపల ఉండేది 8 జీబీయో 16 జీబీయో. గమ్మత్తేమిటంటే ఫోనుకి కూడా 256 అనే అబద్ధం చెబుతుంది! మొదట కొన్నాళ్ళు బాగానే ఉంటుంది. అసలు చోటు నిండాక, తర్వాత వేసినవి వేసినట్టే కనబడతాయి, తెరిస్తే నల్లటి తెర. ధర మరీ అగ్గువగా ఉంటే అనుమానించండి. బిల్లు అడగండి. ఇంటికొచ్చాక ముఖ్యమైనవేవీ పెట్టకుండా, పనికిమాలిన వీడియోలతో కార్డుని నిండా నింపి, ఆఖరున వేసినవి తెరిచి చూడండి. కొత్త బిందె కొంటే నీళ్ళు నింపి కారుతోందేమో చూసుకోమూ? ఇదీ అంతే.

మరి యాప్‌లు కార్డులో ఎవరూ పెట్టకూడదా? పెట్టొచ్చు. మీ దగ్గర పాత ఫోను ఉండి, లోపల 8 జీబీయో 16 జీబీయో మాత్రమే ఉండి, ఇప్పుడప్పుడే కొత్తది కొనే ఉద్దేశం లేకపోతే, 'మార్చు' బటనున్న ఆటలు, పోయినా ఏడవనక్కర్లేని యాప్‌లు పంపుకోండి. కార్డు ఏ1 లేదా ఏ2 గుర్తున్నది తీసుకోండి. డబ్బు, మందులు, అలారం, ఇంటివాళ్ళతో మాటలు... ఇవి మాత్రం వంటిల్లు దాటకూడదు.

ఇంటిదీపం చిట్కాలు

* వంటింట్లో, అంటే ఫోను లోపల: యాప్‌లన్నీ. ఎప్పుడూ కనీసం రెండు మూడు జీబీ ఖాళీ ఉంచండి. కొత్త వెర్షన్లు దిగడానికి చోటు కావాలి.

* అటక మీద, అంటే కార్డులో: ఫోటోలు, వీడియోలు, పాటలు, సినిమాలు. కెమెరా సెట్టింగ్స్‌లో 'ఎస్‌డీ కార్డు' అని ఎంచుకుంటే, ఆ వీలున్న ఫోన్లలో, తీసిన ఫోటో నేరుగా అక్కడికే వెళ్తుంది.

* వాట్సాప్‌లో వచ్చినవి దానంతటవి కార్డుకి వెళ్ళవు. ఫైల్స్ యాప్‌లో ఎంచుకుని మనమే తరలించాలి. తరలించాక అవి వాట్సాప్ కబుర్లలోంచి తెరుచుకోవు, గ్యాలరీలో చూసుకోవాలి.

* ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం ఫోటోలు కార్డులో పెట్టకండి. మామూలు కార్డు ఎవరి చేతిలో పడితే వాళ్ళు చదవగలరు. వాటికి ప్రభుత్వం 2015లో తెచ్చిన డిజిలాకర్ ఉంది.

* ఫోను బాగుచేయించడానికి ఇచ్చేముందు కార్డు తీసి ఇంట్లో పెట్టుకోండి.

* ఫోను పనిచేస్తుండగా కార్డుని లాగెయ్యకండి. సెట్టింగ్స్‌లో 'ఎజెక్ట్' నొక్కి గానీ, ఫోను ఆపేసి గానీ తీయండి.

* కార్డుని ఏళ్ళ తరబడి డ్రాయర్లో పడేసి మర్చిపోకండి. కరెంటు అందకుండా చాలా కాలం ఉంటే అందులోవి చెదిరిపోవచ్చు.

* గూగుల్ ఖాతాతో 15 జీబీ ఉచితం. 2021 జూన్ 1 నుంచి ఫోటోలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. అందుకని గులాబీలు కాదు, ముఖ్యమైనవే అందులో పెట్టండి.

చివరగా ఒక్క మాట. అటకైనా వంటిల్లైనా ఒక్క ఇంట్లోనే ఉన్నాయి. ఇల్లే మునిగితే రెండూ మునుగుతాయి. మీకు ప్రాణప్రదమైనవి, మళ్ళీ తీసుకోలేనివి ఉంటాయి చూశారూ, వాటిని ఫోనులో ఒకటి, కార్డులో ఒకటి, ఇంటి బయట ఒకటి ఉంచండి. ఇంటి బయట అంటే గూగుల్ ఖాతాయైనా సరే, అక్కయ్య ఫోనైనా సరే. మా అమ్మ ఆవకాయ గొంతు ఇప్పుడు నా ఫోనులో ఉంది, కార్డులో ఉంది, మా వదిన దగ్గర ఉంది, మా అబ్బాయి కంప్యూటర్లోనూ ఉంది.

ఈ ఆదివారం పనులయ్యాక ఓ అరగంట మీ ఫోను ముందేసుకుని కూర్చోండి. ముందు చెత్త తీయండి. తర్వాత, మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే, వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని మాగాయ ఎలా పెడతారో అడిగి రికార్డు చేసుకోండి. చేసిన రోజే ఇంకొకరికి పంపండి. రేపు చూద్దాంలే అనుకోకండి.